పిట్టల కోసం పెరట్లో కామంచి

చిన్న నల్లటి పండ్లు కాసే కామంచిని ఓరుగల్లు చుట్టుపక్కల ఎవరూ పనిగట్టుకొని నాటరు. వానలు పడగానే పెంటకుప్ప మీదో బావి గడ్డ మీదో అదే మొలుస్తుంది, కలుపని పీకేస్తాం. పిట్టలు, తుమ్మెదలు రావాలనుకునే పెరట్లో మాత్రం రెండు మూడు మొక్కలు ఉండాల్సిందే.

అన్నిటికంటే ముందు చోటు చూసుకోవాలి. కామంచి మిరప, టమాట, వంకాయల కుటుంబంలోది. మిరపకు బొబ్బర (ఆకులు ముడుచుకుపోయే తెగులు) తెచ్చే తెల్లదోమ దీని మీదా బతుకుతుంది. మట్టిలోని నులిపురుగులు (నెమటోడ్లు) కూడా అంతే, దీని వేర్లలోనూ బుడిపెలు కట్టిస్తాయి. మిర్చి ఇంత సాగయ్యే జిల్లాలో తోట గట్టు మీద దీన్ని పెంచడం తెలివైన పని కాదు. ఇంటి పెరట్లోనైనా మిరప, టమాట కుండీలకు ఎదురు మూలన పెట్టండి. పొద్దటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడితే చాలు.

గింజలకు బాగా నల్లబడ్డ పండ్లే కావాలి. నీళ్లలో పిసికి ఒక రాత్రి ఉంచితే గుజ్జు వదులుతుంది. గింజల్ని కడిగి నీడన ఆరబెట్టాలి. మృగశిర కార్తెలో, నేల తడిశాక, ఇసుకలో కలిపి చల్లండి. పైన అర సెంటీమీటరు మట్టి మించితే మొలక బయటికి రాదు. వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తాయి. నాలుగైదు ఆకులొచ్చాక రెండడుగుల ఎడంతో నాటుకోవాలి. కుండీ అయితే 12 అంగుళాలది తీసుకొని, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలపండి. నీళ్లు నిలిచే రేగడిలో వేర్లు కుళ్లుతాయి, అక్కడ మట్టిని కాస్త ఎత్తుగా పోసి నాటాలి. యూరియా వేయకండి. ఆకు ఏపుగా వస్తుంది, కాయ తగ్గుతుంది.

చిన్న తెల్లపూలు, మధ్యలో పసుపు కేసరాలు. కేసరాల కొనన ఉండే సన్నటి రంధ్రాల్లోంచే పుప్పొడి రాలాలి. నీలిచారల తేనెటీగ పువ్వును కరుచుకొని వేలాడి, జుయ్యిమని ఒళ్లంతా అదిరిస్తే పొడి జారుతుంది. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. ఆ ఈగ రాకున్నా కాయ మాత్రం ఆగదు, తన పుప్పొడితోనే కడుతుంది.

ఆకులు జల్లెడలా కనిపిస్తే అది ఎపిలాక్నా పురుగు పని. దీన్ని అక్షింతల పురుగని వదిలేసేవాళ్లు ఎక్కువ. అసలు అక్షింతల పురుగు వీపు నున్నగా మెరుస్తుంది, పేనుబంకను తింటుంది. దీని వీపు మాత్రం సన్నటి నూగుతో మసకగా ఉంటుంది, మీద 28 చుక్కలు. ఆకు అడుగున పసుపు గుడ్ల గుత్తులుంటాయి. ఆ ఆకుల్నే తుంచి సబ్బునీళ్లలో వేయండి. పేనుబంకకు పొద్దున నీళ్ల జల్లు చాలు. మందు కొడితే మాత్రం ఈ మొక్క పెంచడంలో అర్థమే లేదు. పురుగుల్ని ఏరి పిల్లలకు పెట్టే పిట్టలు ఆ మందునూ పెడతాయి.

వల కప్పొద్దు. పికిలిపిట్టలు, గోరింకలు పండు నల్లబడ్డ రోజే కనిపెడతాయి. పక్కన లోతులేని మట్టి మూకుడులో నీళ్లు పెట్టి రోజూ మార్చండి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. పచ్చికాయల్లో సోలనిన్ ఉంటుంది, తింటే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. పూర్తిగా నల్లబడి, ముట్టుకుంటే ఊడొచ్చేవే పండ్లు. పేరు తెలియని మొక్క పండు నల్లగా ఉందని నోట్లో వేసుకోవద్దు.

ఎండలు ముదిరితే పూత రాలి మొక్క వడలిపోతుంది. పీకేయకుండా ఆఖరి పండ్లు పిట్టలకు వదలండి. వచ్చే వానలకు వాటి రెట్టల్లోంచి ఎక్కడపడితే అక్కడ మొలకలొస్తాయి. మిరప కుండీల్లో లేచినవాటిని రెండాకుల దశలోనే లాగేయండి, ముదిరితే వేరుతో పాటు మిరప కూడా కదులుతుంది.