హరారేలో జీతం మాట్లాడుకునే ముందు

జింబాబ్వే రాజధాని హరారేలో ఉద్యోగం వస్తే మొదట అడగాల్సిన మాట: జీతం ఏ డబ్బులో ఇస్తారు, ఏ ఖాతాలో వేస్తారు? నిజమైన అమెరికా డాలర్ల ఖాతాను ఇక్కడ నాస్ట్రో అంటారు. ఒప్పందంలో ఉత్త ‘డాలర్లు’ అని ఉంటే సంతకం పెట్టకండి. 2018 అక్టోబరులో బ్యాంకులు ఖాతాలను రెండుగా విడగొట్టినప్పుడు, అప్పటిదాకా డాలర్లుగా కనిపించిన జీతాల నిల్వ స్థానిక ఖాతాలో పడింది. 2019 ఫిబ్రవరిలో రేటు ఒక అమెరికా డాలరుకు 2.5 స్థానిక డాలర్లు అన్నారు. వెయ్యి దాచుకున్నవాళ్లకు సర్కారు లెక్కలోనే 400 మిగిలాయి.

ఇక్కడి డబ్బు మీద ఇంత అపనమ్మకం ఎందుకో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. 1980 ఏప్రిల్ 18న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు జింబాబ్వే డాలరు అమెరికా డాలరు కంటే విలువైనది. కొత్త బడులు వెలిశాయి. 1983 నుంచి దేశంలోని మతబెలెలాండ్ ప్రాంతంలో సైన్యం వేలమందిని చంపింది, ఎవరికీ శిక్ష పడలేదు. పతనం అక్కడే మొదలైందని నా నమ్మకం. 1997లో విమోచన పోరాట యోధులు నిలదీస్తే అధ్యక్షుడు ముగాబే తలా 50,000 జింబాబ్వే డాలర్లు ఒప్పుకున్నారు. బడ్జెట్‌లో లేని సొమ్ము అది. నవంబరు 14న కరెన్సీ ఒక్కరోజులో కుప్పకూలింది.

2000 ఫిబ్రవరిలో కొత్త రాజ్యాంగంపై జరిగిన రెఫరెండంలో ముగాబే ఓడిపోగానే తెల్లవారి పొలాల ఆక్రమణ జోరందుకుంది. భూమి అడగడం న్యాయమే, మంచి నేలంతా వలసపాలనలో లాక్కున్నదే. దెబ్బ పడింది పట్టా దగ్గర. అంతకుముందు పట్టా తాకట్టు పెడితే బ్యాంకు పెట్టుబడి ఇచ్చేది. భూమి సర్కారు పేరుకు మారాక కొత్త రైతు దగ్గర తాకట్టుకు ఏమీ లేదు. అప్పు పుట్టక ఎరువు, విత్తనం అందలేదు. పొగాకు ఎగుమతి పడిపోయి విదేశీ మారకం ఎండింది. ఆ పొలాల్లో తరాలుగా చాకిరీ చేసిన మలావీ, మొజాంబిక్ కూలీల కుటుంబాలకు పంపకంలో దాదాపు ఏమీ దక్కలేదు. వలస వచ్చినవాళ్లుగా మనం గుర్తుంచుకోవాల్సింది వాళ్లనే.

సర్కారు లోటును రిజర్వ్ బ్యాంకు నోట్లు అచ్చేసి పూడ్చింది. 2008 తొలి విడత ఎన్నికలో వెనకబడిన ముగాబే, హింస తట్టుకోలేక ప్రత్యర్థి తప్పుకుంటే రెండో విడతలో గెలిచారు. 2009 జనవరిలో వచ్చిన వంద ట్రిలియన్ల నోటు మన లెక్కలో కోటి కోట్లు. దాని మీద ఒకదానిపై ఒకటి నిలిచిన బండరాళ్ల బొమ్మ ఉంటుంది. అదే ఏడాది ఆ కరెన్సీని వదిలేసి అమెరికా డాలర్ల వాడకానికి మారారు.

2024 ఏప్రిల్‌లో డాలరుకు 13.56 చొప్పున వచ్చిన కొత్త స్థానిక కరెన్సీ జిగ్, సెప్టెంబరుకే డాలరుకు 24 దాటింది. అందుకే బజారంతా అమెరికా నోట్ల మీదే నడుస్తుంది. సెంట్లు దొరకవు, చిల్లర బదులు మిఠాయో చీటీయో చేతిలో పెడతారు. ఒక డాలరు నోట్లు మసిబారి గుడ్డపేలికల్లా మెత్తబడి ఉంటాయి. చిరుగు ఉంటే దుకాణాల్లో పేచీ వస్తుంది, జీతం లెక్కపెట్టుకునేటప్పుడే మార్పించుకోండి. ఇంటికి పంపాల్సింది అదే వారం పంపేయండి.