నిన్న ఏం తిన్నరు అని అడిగే జాబ్ – నా అనుభవం

డిగ్రీ అయినంక ఖాళీగ తిరుగుతుంటే ఒక సర్వేల కాంట్రాక్ట్ జాబ్ దొరికింది, దేవరకొండ దిక్కు ఊర్లు, తండాలు తిరిగి జనం ఏం తింటున్నరో రాసుకొని రావాలె. ఇంట్ల చెప్తే నవ్విన్రు, తిన్నది అడగనీకె కూడా జీతమిస్తరా అని.

పని పేరు 24 గంటల డైట్ రీకాల్. నిన్న పొద్దున లేచినకాడికెల్లి రాత్రి పండేదాక నోట్లెకు పోయినయన్నీ రాయాలె, చాయ్‌ల చక్కెరతో సహా. మా సంచిల చిన్నయి పెద్దయి స్టీల్ గిన్నెలు, ఒక త్రాసు. వండేటామె ఏ గిలాసతోని బియ్యం పోసిందో అదే గిలాస తెప్పించి మళ్ల పోయించి తూకమేసుడు, అన్నం మొత్తం ఎంతయిందో మా గిన్నెలతోని చూపెట్టమనుడు, అండ్ల ఎవరెన్ని గిన్నెలు తిన్నరో మనిషి మనిషికి రాసుడు. దావతో ఉపాసమో ఉన్న రోజైతే ఆ లెక్క పనికిరాదు.

మొదటి రోజే నేను అన్నం బరువు తీస్కపోయి బియ్యం గడిల రాసిన. పొద్దుమీకి సూపర్‌వైజర్ సార్ చూసి, ఈయన ఒక్కపూట కిలో బియ్యం తిన్నడా అని అడిగిండు. తెల్లారి నాలుగిండ్లకు మళ్ల తిరిగిన, సిగ్గుపోయింది.

కానీ అసలు కష్టం అది కాదు. ఒక ఇంట్ల అవ్వను, నువ్వెంత తిన్నవే అంటే "ఏం తింట బిడ్డా, అందరు తిన్నంక అడుగున మిగిలింది ఊడ్చుకున్న" అన్నది. గిన్నె చేతికిచ్చి చూపెట్టమంటే సగం పోసింది, పక్కన నిలబడ్డ కోడలు మొకం చూసింది, ఇంక కొంచెం పోసింది. ఏది రాయాలె చెప్పండి? పప్పు గడిల సున్నా, ఆ రోజు పచ్చిపులుసు మరి.

ఈ కాయితాలు ఎటు పోతయో అప్పుడు పట్టించుకోలే. ఇసొంటి ఇంటింటి లెక్కలు 1972 నుంచి నేషనల్ న్యూట్రిషన్ మానిటరింగ్ బ్యూరో తీసిందట, హైదరాబాద్ తార్నాకల ఉన్న ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) కిందనే. తినేది అట్ల తెలుస్తది. ఏ తిండిల ఏమున్నదో ల్యాబ్‌ల చూసి 2017ల 528 రకాల పట్టిక వేసిన్రు, ఏ వయసుకు ఎంత కావాల్నో 2020ల తేల్చిన్రు. ఇవన్నీ ముందల పెట్టుకొని, తినేదానికి తినాల్సినదానికి తేడా ఏడున్నదో చూసి జనం ఏం తినాల్నో చెప్పే సూత్రాలు నిపుణుల కమిటీ రాస్తది. మొదట 1998, తర్వాత 2011, 2024 మేల అప్పటి ఎన్‌ఐఎన్ డైరెక్టర్ డాక్టర్ హేమలత మేడం కమిటీ ఇచ్చిన సూత్రాలు 17.

అండ్ల మనిషికి రోజుకు 2000 క్యాలరీల ప్లేట్ ఉంటది: బియ్యం, జొన్నలసొంటియి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పాలు 300 మిల్లీలీటర్లు. మనకు తెలంగాణల రేషన్ల మనిషికి నెలకు 6 కిలోల బియ్యం, అంటే రోజుకు 200 గ్రాములు ఆడికే వచ్చేసినయి. పప్పు ఎవరిస్తరు? మా ఇంట్ల నలుగురం, రోజుకు 340 గ్రాములు, నెలకు పది కిలోల పైన. అమ్మకు చెప్పిన.

"పది కిలోలా? రాసిన సార్లనే ఒకసారి కిరాణం షాపుకు తోల్కరా" అన్నది. మేం తెచ్చేది మూడు కిలోలు.