ఉల్లిపొర, ఉప్పునీరు, ఒక్క వోల్టు

ఎర్ర ఉల్లిపొరపై ఉప్పునీటి చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఊదారంగు రసం కణకవచాన్ని వదిలి లోపలికి ముడుచుకుపోతుంది. విద్యుత్ క్షేత్రంలో కణత్వచం ఎప్పుడు చిట్లుతుందన్నది ఈ ముడుచుకోవడంపైనా ఆధారపడుతుంది.

త్వచం మందం కొద్ది నానోమీటర్లే కాబట్టి, దానికి అటూ ఇటూ దాదాపు 1 వోల్టు తేడా ఏర్పడితే రంధ్రాలు పడతాయి. గుండ్రటి కణంలో ఆ తేడా వ్యాసార్ధాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 20 మైక్రోమీటర్ల వ్యాసార్ధమున్న ప్రోటోప్లాస్టుకు (కణకవచం తీసేసిన కణానికి) సెంటీమీటరుకు సుమారు 333 వోల్టులు సరిపోతే, ఉప్పునీటిలాగే కణంలోని నీటిని బయటికి లాగే గాఢమైన మానిటాల్ ద్రావణంలో 15 మైక్రోమీటర్లకు కుంచించుకుపోయినదానికి 444 కావాలి.

లెక్క ఇంతటితో తేలదు. వలోనియా అనే సముద్ర శైవలంపై జర్మనీలో ఉల్రిచ్ జిమ్మర్‌మాన్ బృందం 1970లలో చేసిన ప్రయోగాల్లో, కణం లోపలి పీడనం పెరిగేకొద్దీ త్వచం చిట్లే వోల్టేజీ తగ్గింది. పీడనం త్వచాన్ని నొక్కి పలచబరుస్తుందన్నది వారి వివరణ. మానిటాల్ గాఢత రాయకుండా వోల్టులు మాత్రమే రాసుకున్న నా పాత నోటుపుస్తకం, పాపం, అందుకే ఇప్పుడు ఎందుకూ పనికిరాదు.