కార్డులు తగ్గాయి, పెట్టెలు తగ్గలేదు

వేసవి వచ్చిందంటే మా ఇంట్లో సరుకులు దింపుకునే కాలం. తెనాలి దగ్గర మా ఊళ్లో అమ్మ ఏడాదికి సరిపడా బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండు మిరపకాయలు ఒక్క నెలలోనే ఇంటికి చేర్చేది. నాయనమ్మ కాలంలో అయితే పెరట్లో పురి, లోపల ధాన్యపు కొట్టు ఉండేవి. కొట్టు నిండుగా ఉంటేనే ఇంటికి పరువు. అలాంటి ఇంట్లో పెరిగి, 2012లో జపాన్‌లోని ఐచి ప్రాంతానికి వచ్చి, కారియా అనే ఊళ్లో కారు సీట్ల భాగాలు తయారు చేసే కంపెనీలో చేరాను. మొదటి వారంలోనే మా పై అధికారి చెప్పిన మాట, 'నిల్వ అంటే ముదా'. ముదా అంటే వృథా. ఆ మాట నాకు చాలా రోజులు మింగుడు పడలేదు.

మా కంపెనీ నుంచి టొయోటా నగరం ఎంతో దూరం లేదు. ఆ ఊరి అసలు పేరు కొరోమో. కంపెనీ పేరునే ఊరికి పెట్టుకున్నది 1959లో. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఏదో ఒక కారు భాగం చేసి బతికేవే. ఇక్కడ అందరూ తలచుకునే పేరు టొయోటా ఇంజనీరు తాయిచి ఓనో. అమెరికా సూపర్ మార్కెట్లో కొనుగోలుదారు ఎంత తీసుకుంటే అంతే తిరిగి అరలో పెట్టే పద్ధతిని ఆయన కార్ల కర్మాగారంలోకి తెచ్చాడు. వెనుక పని చేసేవాడు తన ఇష్టం వచ్చినంత చేసి ముందుకు తోయకూడదు. ముందువాడు వాడుకున్నంత మేరకే చేయాలి. ఆ కబురు మోసుకెళ్లే కార్డే కాన్‌బాన్.

ఉత్పత్తి నియంత్రణ విభాగంలో నా పని ఈ కార్డుల లెక్క చూడడం. నెలకు ముందే పైనుంచి 'నైజి' వస్తుంది, అంటే వచ్చే నెలల్లో ఎంత కావలసి రావచ్చో ఒక అంచనా. అది ఆర్డరు కాదు. అసలు ఆర్డరు కార్డే. ప్రతి సరఫరాదారుకీ మూడు అంకెల గుర్తు ఒకటి ఉంటుంది. 1-4-2 అంటే ఒక రోజులో నాలుగు సార్లు సరుకు తేవాలి, ఇప్పుడు తీసుకెళ్లిన కార్డుకు సరుకు రెండు విడతల తర్వాత రావాలి. ఈ అంకెలను బట్టి ఎన్ని కార్డులు తిరగాలో తేలుతుంది.

2015లో నేను చేసిన ఒక పని గురించి చెప్పాలి. సీటు కింద అమర్చే చిన్న రేకు బ్రాకెట్ ఒకటి నిషియో వైపున్న ఒక ప్రెస్ షెడ్డు, అంటే రేకును యంత్రంతో నొక్కి ఆకారం ఇచ్చే షెడ్డు నుంచి వచ్చేది. అరవై ఎనిమిదేళ్ల యజమాని, ఆయన భార్య, ఇద్దరు పనివాళ్లు. ఇలాంటి చిన్న కర్మాగారాన్ని ఇక్కడ మాచి-కోబా అంటారు. రోజుకు 960 బ్రాకెట్లు కావాలి, పెట్టెకు 20 చొప్పున 48 పెట్టెలు, పెట్టెకో కార్డు. వాళ్లు రోజుకు ఒక్కసారి తెచ్చేవారు. అప్పటి గుర్తు 1-1-1, కార్డులు 96. నేను దాన్ని 1-4-2 చేశాను. కార్డులు 36కి దిగాయి. మా గోదాములో ఒక వరుస మొత్తం ఖాళీ అయింది. ఉదయం సమావేశంలో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టారు. అమ్మకు ఫోను చేసి మరీ చెప్పుకున్నాను.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం విడత ఆలస్యమైంది. జపాన్‌లో అయిదు, పది, పదిహేను ఇలా వచ్చే తేదీల్లో కంపెనీల చెల్లింపులు జరుగుతాయి, ఆ రోజుల్లో రోడ్లు కిక్కిరుస్తాయి. ఆ రద్దీలో ఆయన భార్య చిన్న ట్రక్కుతో ఇరుక్కుపోయింది. రోజుకు నాలుగు సార్లు ఆ ట్రక్కు నడుపుతున్నది ఆమేనని నాకు అప్పుడే తెలిసింది. మరునాడు వాళ్ల షెడ్డుకు వెళ్లాను. అంతకు ముందే వెళ్లవలసింది.

షెడ్డు వెనుక రేకుల చావిడి. పైన నీలం టార్పాలిన్. దాని కింద మా బ్రాకెట్ల పెట్టెలు, లెక్కపెడితే నూట నలభై నాలుగు. మూడు రోజుల సరుకు. మా దగ్గర తగ్గినదంతా వాళ్ల చావిడిలోకి చేరింది. వాన చినుకు పడకుండా దాన్ని కాపాడడం, దానికి పెట్టుబడి పెట్టడం ఆ ముసలి దంపతుల వంతు. ఎందుకింత చేసి పెట్టారని అడిగితే ఆయన కోపగించుకోలేదు. ప్రెస్ చూపించి, "దీని మీద పన్నెండు రకాలు చేస్తాను. ఒక డై, అంటే రేకుకు ఆకారం ఇచ్చే అచ్చు, దించి ఇంకోటి ఎక్కించడానికి రెండు గంటల నలభై నిమిషాలు పడుతుంది. ఎక్కించాక మూడు రోజులకు సరిపడా కొట్టకపోతే నాకు గిట్టదు" అన్నాడు.

ఆ మాటతో నాకు అమ్మ సరుకుల లెక్క అర్థమైంది. పంట ఏడాదికి ఒక్కసారి వచ్చే ఊళ్లో ఏడాది సరుకు ఒకేసారి దింపుకోక తప్పదు. అది అమ్మ భయం కాదు, అత్యాశ కాదు. సరుకు మళ్లీ దొరకడానికి పట్టే కాలమే నిల్వను నిర్ణయిస్తుంది. ఆ కాలాన్ని కుదించకుండా 'నిల్వ తగ్గించండి' అని చెప్పడం పక్కవాడి నెత్తిన బరువు పెట్టడమే. నేను చేసింది అదే, పైగా చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

నిజానికి ఇది టొయోటా ఎప్పుడో దాటిన మెట్టు. 1969లో అక్కడ వెయ్యి టన్నుల ప్రెస్ మీద డై మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. షిగెయో షింగో అనే ఇంజనీరు పాఠంతో అది మొదట తొంభై నిమిషాలకు, తర్వాత మూడు నిమిషాలకు దిగింది. ప్రెస్ ఆగి ఉన్నప్పుడే చేయవలసిన పని ఏది, ప్రెస్ నడుస్తుండగానే సిద్ధం చేసుకోగల పని ఏది అని విడదీయడం దానికి పునాది. పెద్ద యంత్రాలేవీ కొననక్కరలేదు.

మా పై అధికారిని ఒప్పించి వారానికి ఒక పూట ఆ షెడ్డులో గడిపాను. ఏడు నెలలు పట్టింది. డైలన్నీ తలో ఎత్తులో ఉండేవి, కింద పలకలు బిగించి ఒకే ఎత్తుకు తెచ్చాం. మూడు సైజుల బోల్టులు పోయి ఒకే సైజు మిగిలింది. షెడ్డు చివరన ఉన్న డైల అరను ప్రెస్ పక్కకు జరిపి రోలర్లు పెట్టాం. రాబోయే రేకు చుట్టను ముందే ఎక్కించి ఉంచడం అలవాటు చేసుకున్నాం. మొదటి ముక్కను కొలిచి, మాకు ఫోను చేసి, జవాబు కోసం ఆగేవారు. ఆ ఆగడమే ఒక్కోసారి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలకు కారణం మేమే. ముక్క కొలత సరిగ్గా ఉందో లేదో చూసే గేజి ఒకటి చేయించి ఇచ్చి, సరిపోతే మమ్మల్ని అడగకుండానే మొదలుపెట్టమన్నాం. చివరికి మార్పిడి సమయం ఇరవై అయిదు నిమిషాలకు వచ్చింది. ఇప్పుడు ఆయన ఒక విడతలో అర రోజు సరుకే కొడతాడు. ట్రక్కు సంగతీ మార్చాం. మా ఊళ్లో పాల కేంద్రాల దగ్గర ఆగుతూ వెళ్లే వ్యానులా మా బండే ఆ వైపున్న మూడు షెడ్లు తిరిగి సరుకు ఎత్తుకొస్తుంది. ఈ పద్ధతిని ఇక్కడ కూడా మిల్క్ రన్ అనే అంటారు.

ఇంత పల్చగా బతికితే ఏదైనా జరిగితే ఎలా అని అమ్మ చాలాసార్లు అడిగింది. అడగవలసిన ప్రశ్నే. 1997 ఫిబ్రవరి 1న ఇదే కారియాలో అయ్‌సిన్ సేకి కర్మాగారం తగలబడింది. టొయోటాకు కావలసిన ఒక రకం బ్రేకు వాల్వులు దాదాపు అన్నీ అక్కడే తయారయ్యేవి. టొయోటా దగ్గర ఉన్న నిల్వ కొన్ని గంటలకే సరిపోయేది. జపాన్‌లోని దాని కార్ల లైన్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. అప్పుడు రెండు వందల దాకా కంపెనీలు, చివరికి కుట్టు మిషన్లు చేసే బ్రదర్ సహా, డ్రాయింగులు తెప్పించుకుని తమ దగ్గరున్న మామూలు యంత్రాల మీద వాల్వులు చేయడానికి దిగాయి. వారం రోజుల్లోనే ఉత్పత్తి చాలావరకు గాడిన పడింది. ధర ఎంత అని ముందుగా ఎవరూ అడగలేదని మా విభాగంలో ఒక పెద్దాయన ఇప్పటికీ చెబుతాడు. ఆయన అప్పుడు ఒక చిన్న షెడ్డులో కుర్రవాడు, డ్రిల్లింగ్ యంత్రం పక్కనే పడుకునేవాడట.

2011 మార్చి భూకంపం ఇంకో పాఠం చెప్పింది. తన సరఫరాదారు వెనుక ఎవరున్నారో, వాళ్ల వెనుక ఎవరున్నారో టొయోటాకే పూర్తిగా తెలియదని తేలింది. ఆ తర్వాత అడుగు దాకా ఎవరెవరున్నారో పట్టిక తయారు చేసుకున్నారు. చిప్పుల వంటి దొరకడానికి నెలలు పట్టే వాటికి సరఫరాదారులు రెండు నుంచి ఆరు నెలల నిల్వ ఉంచాలన్నారు. నిల్వ వృథా అని లోకానికి నేర్పిన కంపెనీయే ఈ మాట అనడం నాకు తప్పుగా తోచలేదు. అమ్మ కూడా ఇప్పుడు మిరపకాయలు, పప్పు వీధి చివరి కొట్లో నెలనెలా తెచ్చుకుంటుంది. బియ్యం మాత్రం ఇంకా బస్తాల్లోనే. ఎందుకమ్మా అంటే, "బియ్యం లేకపోతే ఇల్లు ఆగుతుంది నాన్నా" అంటుంది.

అంతటి ముందుచూపుకూ హద్దు ఉందని 2021లో చూశాను. ఆగస్టులో టొయోటా సెప్టెంబరు ఉత్పత్తిని ప్రపంచమంతటా నలభై శాతం తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. నైజిని నమ్మి ఆ షెడ్డు యజమాని కొన్న రేకు చుట్టలు కదలకుండా ఉండిపోయాయి. అంచనా కాగితం పంపినది మేము. కాబట్టి ఆ చుట్టల ఖర్చు మేమే భరించాలని రాసి పంపాను. పై గదుల్లో అది ఎవరికీ నచ్చలేదు. మూడు సమావేశాలు జరిగాయి. 'ఆయన అడగలేదు కదా' అన్నారు ఒకరు. ఆయన అడగడు, అడిగితే పని పోతుందని ఆయన భయం అని చెప్పాను. చివరికి రెండు వారాల రేకును మా ఖాతాలో కొని, మా పేరుతో ఆయన దగ్గరే ఉంచేలా ఒప్పందం మారింది. ఇప్పుడు ఆ చుట్టల మీద మా కంపెనీ చీటీ ఉంటుంది. పాడైతే నష్టం మాది.

పోయిన డిసెంబరులో వెళ్లాను. వెనుక చావిడిలో టార్పాలిన్ లేదు. పెట్టెలు ఉండే చోట వెదురు దండేలు కట్టి ఆమె ముల్లంగి ఎండబెట్టింది, ఊరగాయకట. నిషియో తేయాకుతో కాచిన టీ ఇచ్చి, మీ అమ్మగారు ఊరగాయ ఎండలో పెడతారా, నీడలోనా అని అడిగింది. ఆవకాయ ముక్కలకు ఎండ తగలకూడదని, మాగాయకు మాత్రం ఎండబెట్టాలని చెబుతుంటే, ఆయన లోపలి నుంచి వచ్చి తన కొత్త గేజి చూపించాడు. అది నేను చేయించినది కాదు. ఇంకో కంపెనీ భాగానికి తనే చేసుకున్నది.