ఖండపడలో మానయంత్రం

విశాఖలో రాత్రి రైలెక్కి పొద్దున్నే ఖుర్దా రోడ్డులో దిగాం. అక్కడి నుంచి నయాగఢ్, నయాగఢ్ నుంచి ఖండపడ, రెండూ బస్సులే. ఒడిశాలో ఛెనాపోడాకి (పాలవిరుగుడును కాల్చి చేసే తీపి) పుట్టిల్లు ఈ జిల్లానే అంటారు. నయాగఢ్‌లో తిన్న ముక్క అంచులు మాడి, లోపల మెత్తగా ఉంది. ఇక టిఫిన్ జోలికి పోలేదు.

వచ్చింది మాత్రం ఖగోళ శాస్త్రజ్ఞుడు పఠాణి సామంత ఊరు చూడటానికి. అసలు పేరు చంద్రశేఖర సింహ సామంత (1835-1904). రాజకుటుంబమే గానీ డబ్బున్న మనిషి కాదు. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోవడంతో ఈయన్ని ఓ ముస్లిం ఫకీరుకి ‘అమ్మి’ పఠాణి అని ముద్దుపేరు పెట్టారట. మనవైపు పుల్లయ్య, పెంటయ్య అని పెట్టుకున్నట్టే. గ్రహాల లెక్కలు చెప్పే పాత సిద్ధాంత గ్రంథాలు సొంతంగా చదువుకుని, లెక్క చెప్పిన చోట గ్రహం కనబడకపోతే తేడా ఎంతో తేల్చడానికి కర్రతో, వెదురుతో యంత్రాలు చేసుకున్నారు.

వాటిలో మానయంత్రానికి నమూనా ఒకటి నేనే చేసి పట్టుకెళ్లాను. 24 వేళ్ల (వేలి వెడల్పే కొలత) పొడవు కర్ర, చివర అడ్డంగా ఒక పట్టీ, ఇంగ్లీషు ‘టీ’ అక్షరంలా. కర్ర మొదలు కంటి దగ్గర ఆనించి, పట్టీ మీద ఏ రంధ్రంలోంచి చుక్క కనబడితే ఎత్తు అన్ని డిగ్రీలు. రంధ్రాలు సమదూరంలో ఉండవు. మధ్య నుంచి 10 డిగ్రీలది 4.2 వేళ్ల దూరమైతే, 30 డిగ్రీలది దానికి మూడింతలు కాదు, దాదాపు 13.9. త్రికోణమితిలోని టాంజెంట్ లెక్క తెలియకుండా ఆ పట్టీకి ఒక్క రంధ్రం కూడా పెట్టలేం. వెదురు కర్రతో ఆకాశం కొలిచాడట అని ముచ్చటపడేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు.

సాయంత్రం ‘కంటిలో’ అనే ఊరికి వెళ్లి, నీలమాధవుడి దర్శనం చేసుకుని మహానది ఒడ్డున కూర్చున్నాం. చీకటి పడ్డాక నదికి అవతల ధ్రువనక్షత్రం 20 డిగ్రీల దగ్గర చిక్కింది. ధ్రువనక్షత్రం ఎత్తు చూసే చోటు అక్షాంశానికి దాదాపు సమానంగా ఉంటుంది, ఆ ఊరి అక్షాంశమూ దాదాపు అంతే. కానీ చేయి కాస్త కదిలితే చాలు, చుక్క పక్క రంధ్రంలోకి దూకేస్తోంది. కాసేపటికే మెడ పట్టేసింది. ఆయన ఇదే పని ఏళ్ల తరబడి చేసి, చంద్రుడి నడకలో మూడు తేడాలు పట్టుకుని తుంగాంతరం, పాక్షికం, దిగంశం అని పేర్లు పెట్టారు. అవన్నీ తాటాకుల మీద సంస్కృత శ్లోకాలుగా, ఒడియా లిపిలో రాసిన ‘సిద్ధాంత దర్పణం’లో ఉన్నాయి. కటక్ ప్రొఫెసర్ జోగేశ్ చంద్ర రాయ్ పూనుకోబట్టి 1899లో అది కలకత్తాలో అచ్చయింది.

1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యుడి మీదుగా సాగాడు. శుక్రబింబం వెడల్పు సూర్యబింబంలో 32వ వంతని సామంత రాశారు. నేటి లెక్కకి అది చాలా దగ్గర. అదే రోజు మా విశాఖలో ఖగోళ పరిశీలకుడు అంకితం వెంకట నరసింగరావు గారు డాబాగార్డెన్స్ అబ్జర్వేటరీలో టెలిస్కోప్‌తో ఆ దృశ్యమే చూశారు.

సామంత పేరుతో భువనేశ్వర్‌లో ప్లానిటేరియం ఉంది, తిరుగు ప్రయాణంలో చూశాం. డాబాగార్డెన్స్‌లో నరసింగరావు గారి పేరు చెబితే మాత్రం ఆటో అతను “ఏ షాపు సార్?” అంటాడు.