వరదగుడి కోసం మేడమీది తాళంచెవి

ఇవాళ, 2021 జూన్ 2న, హైదరాబాదులో సూర్యుడి చుట్టూ వరదగుడి, అంటే వెలుగు వలయం, కట్టింది. మే 24న బెంగళూరులో కట్టినప్పుడు చెల్లెలు ఫోటో పంపింది. అప్పట్నుంచి పల్చటి తెల్లమబ్బు కనబడితే చాలు, తలెత్తి చూస్తూనే ఉన్నాను.

కూరగాయలు కొనుక్కొని వస్తూ గేటు దగ్గర చూశాను. అటూ ఇటూ బిల్డింగులు, మధ్యలో సగం గుండ్రమే కనబడుతోంది. మేడమీదికి పరుగెత్తితే తాళం!

తాళంచెవి అసోసియేషన్ పెద్దమనిషి దగ్గరుంది. సంగతి చెప్పాను. ఆయన తలెత్తి ఆకాశం వైపైనా చూడలేదు. "మీవారితో ఒక ఫోన్ చేయించండమ్మా, ఇస్తాను" అన్నాడు. నాకు నలభై ఆరేళ్లు. నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది నా జీతంలోంచే. మెట్ల మీద ఇద్దరు పొరుగువాళ్లు వింటున్నారు. మావారు ఫోన్ ఎత్తలేదు. కాగితమ్మీద ఫ్లాట్ నంబరు వేసి, "ఏం జరిగినా నాదే బాధ్యత" అని రాసి సంతకం పెడితే గానీ చెయ్యి కదల్లేదు. ఇరవై నిమిషాలు! ఏ మబ్బు మనకోసం ఆగుతుంది?

అదృష్టం, ఇంకా ఉంది. కాలే గచ్చు మీద చున్నీ పరిచి వెల్లకిలా పడుకున్నాను. సంచిలోంచి టమాటా తీసి, చెయ్యి చాచి సూర్యుణ్ణి కప్పాను. ఫోన్ వైడ్‌లో పెట్టి, వెలుగు బాగా తగ్గించి తీశాను. టమాటా అంచు నిప్పులా వెలిగింది. చుట్టూ నిండు వలయం, లోపలి అంచు ఎరుపు, బయటికి తెలుపు. గ్రూపుల్లో తిరుగుతున్నవాటిలో ఇంత నిండుగా వచ్చింది నేనైతే చూడలేదు.

చెయ్యి చాచి జాన పెట్టి కొలిచాను. సూర్యుడి నుంచి అంచు దాకా సుమారు జానెడు, అంటే 22 డిగ్రీలు. ఎండ మనల్ని మాడ్చేస్తున్నా ఆ ఎత్తు మబ్బులో ఉండేది మంచు పలుకులే. ఆరు పలకల ఆ పలుకుల్లో వెలుతురు కనీసం 22 డిగ్రీలు వంగుతుంది. అన్నిటికన్నా తక్కువ వంగేది ఎరుపు, అందుకే అది లోపలి అంచున ఉంటుంది. అరిష్టమని ఫార్వర్డులు పంపేవాళ్లు ఇది పిల్లలకు చెబితే ఎంత బాగుండు! "దూరపు గుడి, దగ్గర వాన" (వరదగుడి దూరంగా కడితే వాన దగ్గర్లోనే ఉన్నట్టు) అని మా నాయనమ్మ ఆకాశం చూసి చెప్పేది, భయపెట్టేది కాదు.

చూసేవాళ్లు సూర్యుణ్ణి తప్పకుండా కప్పుకోండి, నల్లకళ్లద్దాలు చాలవు.

తాళంచెవి కోసం వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి వెళ్లాడు. రేపు పొద్దున డూప్లికేటు చేయించాకే ఇస్తాను.