మూత కింద ఊపిరి

నాకు అర్ధరాత్రి అయితే ఇంటి దగ్గరవాళ్లకు పగలు. అందుకే బాబాయి ఫోన్ సరిగ్గా నేను నైట్ డ్యూటీలో ఉన్నప్పుడే మోగేది.

"ఏరా, మీ ల్యాబులో కొత్త ఊపిరితిత్తులు మొలిపిస్తున్నారంట కదా!"

"మొలిపించడం కాదు బాబాయ్, పాడైనవాటికి మరమ్మతు" అనేవాణ్ని. నమ్మేవాడు కాదు.

ఈ పరాయి దేశంలో నా పని, పాడైన ఊపిరితిత్తుల్లోకి పంపే మూలకణాలను (స్టెమ్ సెల్స్) సిద్ధం చేయడం. దానంగా వచ్చిన ఊపిరితిత్తుల్లో చాలావాటిని మార్పిడికి పనికిరావని పక్కన పెట్టేస్తారు. నీరు పట్టి ఉంటాయి, వాచి ఉంటాయి. దాత కుటుంబం ఒప్పుకుంటే వాటిలో కొన్ని పరిశోధనకు మా దగ్గరికి వస్తాయి. పారదర్శకమైన మూత కింద పెట్టి, వెంటిలేటర్‌తో గాలి, పంపుతో వెచ్చటి ద్రవం పంపిస్తారు. టొరంటో డాక్టర్లు 2011లో ఫలితాలు ప్రచురించాక బాగా పేరొచ్చిన పద్ధతి ఇది. మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. మనిషి లేడు, ఊపిరి మాత్రం ఆడుతోంది.

మా కణాలు బొడ్డుతాడు నుంచి తీసినవి. లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకులోంచి తీసి 37 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు కరిగించాలి. చిన్న ఐసు పలుకు మిగిలి ఉండగానే బయటికి తీసేయాలి. గడ్డకట్టేటప్పుడు కణాల్ని కాపాడిన డీఎంఎస్ఓ అనే రసాయనం, వెచ్చబడితే వాటికే విషం. తర్వాత నీలం రంగు కలిపి మైక్రోస్కోపు కింద లెక్కపెడతాను. చచ్చినవి నీలంగా మారతాయి, బతికున్నవి రంగును లోపలికి రానివ్వవు. ఒకసారి ఫోన్ వంక చూసి ఐసు మొత్తం కరిగించేశాను. ఆ రోజు అంతా నీలమే. అప్పట్నుంచి ఫోన్ లాకర్లోనే.

మొన్న సెలవు రోజున బాబాయికి తీరిగ్గా చెప్పాను. ఈ కణాలు ఊపిరితిత్తిగా మారవు. దాని సన్నటి రక్తనాళాల్లో చిక్కుకుని, వాపు తగ్గించే సంకేతాలు వదిలి, కొన్నాళ్లకు మాయమవుతాయి. మార్పిడి అయిన మొదటి మూడు రోజుల్లో కొత్త ఊపిరితిత్తి నీరు పట్టి మొరాయించే ప్రమాదం ఉంది. ఆ దెబ్బను ముందే, మూత కింద ఉండగానే తగ్గించాలని మా ప్రయత్నం. పందుల్లో ఆశ కనిపించింది. మనుషుల్లో రుజువు కావడానికి ఇంకా చాలా పని ఉంది. ఈ "ఇంకా" అన్న మాట చెప్పడానికే నాకు కష్టంగా ఉంటుంది.

అంతా విని, "ఇంతకీ ఆ ఊపిరితిత్తులు ఎవరివిరా?" అన్నాడు.

"తెలీదు బాబాయ్. పెట్టె మీద వయసు, బ్లడ్ గ్రూపు తప్ప ఏమీ ఉండవు."

ఆ తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.